గ్యాసు తొలగు కాలమున అద్దె యిండ్లు



మన పల్లెలలోనికి గ్యాసు పొయ్యి వచ్చి ఎన్నో యేండ్లు కాలేదు. 2016లో ఉజ్జ్వల పథకము ప్రారంభమైన పిమ్మట ఎన్నియో బీద యిండ్లకు సిలిండరు చేరినది. ఊదుగొట్టముతో పొయ్యి యూదుచు, పొగకు కన్నుల నీరు పెట్టుకొన్న మన యాడువారికి అది గొప్ప యుపశమనము. హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో మంచినీటి కొళాయి వలెనే గ్యాసు గొట్టములను గూడ ఇంటింటికి వేయుచున్నారు. ఇట్టి సమయమున, "దూరదేశములలో గ్యాసును ఇండ్లనుండి తొలగించుటకు చట్టములు చేయుచున్నారు" అని చెప్పినచో, పెద్దలు నవ్వినను నవ్వవచ్చును. మనము కష్టపడి తెచ్చుకొనుచున్న వస్తువును వారు వదలుకొనుట యేమి?

అయినను ఈ సంగతి మనకు బొత్తిగా సంబంధము లేనిది కాదు. ఆస్ట్రేలియా ఖండమున విక్టోరియా రాష్ట్రము గలదు. దాని రాజధాని మెల్బోర్ను. ఆ పట్టణపు పడమటి పేటలయిన టార్నీట్, ట్రుగనీనా, పాయింటు కుక్ మొదలగు చోట్ల వేలకొలది తెలుగు కుటుంబములు కాపురమున్నవి. మీలో పెక్కండ్ర కుమారులో, కుమార్తెలో, మనుమలో అచ్చట నుండవచ్చును. క్రొత్తగా వెళ్లినవారు మొదట అద్దె యింటనే దిగుదురు. కావున గ్యాసును గూర్చిన ఈ క్రొత్త నిబంధనలు అద్దె యింటివారికి ఏమి మేలు చేయును, ఏమి కీడు చేయును, ఖర్చు ఎవరి నెత్తిన పడును అను విషయమును నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మొదట ఆ దేశపు గ్యాసు కథ కొంత వినవలెను. పూర్వము మెల్బోర్నులో బొగ్గును కాల్చి తీసిన గ్యాసును వాడెడివారు. 1965లో విక్టోరియాకు దక్షిణముననున్న బాస్ జలసంధిలో, సముద్రగర్భమున సహజవాయువు కనబడినది. 1969 నుండి అది గొట్టముల ద్వారా మెల్బోర్ను ఇండ్లకు చేరసాగినది. చౌకగా దొరకుటచే వంటకు, స్నానపు నీళ్లకు, చలికాలమున ఇల్లు వెచ్చచేసికొనుటకు అందరును దానినే పట్టిరి. ఇప్పటికి ఆ రాష్ట్రమున సుమారు 20 లక్షల యిండ్లకు, దుకాణములకు గ్యాసు గొట్టములున్నవి. ఆస్ట్రేలియాలో మరి యే రాష్ట్రమునందును ఇండ్లలో ఇంత గ్యాసు వాడుక లేదు. అచ్చట జూను మొదలు ఆగస్టు వరకు చలికాలము. మనకువలె కంబళి కప్పుకొని గడుపవచ్చునని తలచరాదు. ఇంటిని కాచు యంత్రము లేనిదే పసిపిల్లలు, వృద్ధులు మిక్కిలి యిక్కట్టు పడుదురు.

ఆ సముద్రపు గ్యాసు ఇప్పుడు తరిగిపోవుచున్నది. ఏబది యేండ్లకు పైగా తోడిన బావి ఎండకుండునా? ఇది మొదటి కారణము. గ్యాసు మండుటవలన వెలువడు బొగ్గుపులుసు గాలి భూగోళమును వేడెక్కించుచున్నది. ఇది రెండవది. మూడవ కారణము గ్యాసు కంటె పొదుపైన యంత్రము దొరకుట. దానిని హీటుపంపు అందురు. ఏతము బావిలోని నీటిని పైకి తోడునే గాని క్రొత్తగా నీటిని పుట్టింపదు. అట్లే హీటుపంపు వేడిమిని పుట్టింపక, బయటి గాలిలోనున్న వేడిమిని తోడి లోనికి చేర్చును. బయట చలిగా నున్నను గాలిలో కొంత వేడిమి యుండనే యుండును. తోడుటకు మాత్రమే విద్యుత్తు కావలెను గనుక, ఒక పాలు విద్యుత్తు ఖర్చుచేసి మూడు నాలుగు పాళ్ల వేడిమిని పొందవచ్చును. గ్యాసును మండించినచో ఒక పాలుకు ఒక పాలు వేడిమియైనను పూర్తిగా దక్కదు, కొంత పొగగొట్టమున పోవును.

ఇక నిబంధనలు. 2022లో విక్టోరియా ప్రభుత్వము గ్యాసు వాడుకను క్రమముగా తగ్గించు ప్రణాళికను ప్రకటించినది. 2024 జనవరి 1వ తేదీ నుండి, ప్రణాళికాశాఖ అనుమతి కావలసిన క్రొత్త యిండ్లకు గ్యాసు గొట్టము ఇచ్చుట మానిరి. 2025 జూనులో మరియొక యడుగు వేసిరి. నీళ్లు కాచు గ్యాసు యంత్రము పూర్తిగా చెడిపోయినచో, 2027 మార్చి 1వ తేదీ నుండి దాని స్థానమున విద్యుత్తుతో పనిచేయు పొదుపైన యంత్రమునే పెట్టవలెనని నిర్ణయించిరి. ఇల్లు కాచు యంత్రము విషయమున మాత్రము ఒక భేదము చూపిరి. సొంత యింట నున్నవాడు పాత గ్యాసు యంత్రము పోయినచో మరల గ్యాసుదే పెట్టుకొనవచ్చును. అద్దెకిచ్చిన యింటిలో మాత్రము యజమాని గ్యాసుది పెట్టరాదు, విద్యుత్తుతో నడచునది పెట్టవలెను. బాగుచేయుటకు వీలున్నంతవరకు పాత యంత్రమును బాగుచేయించి వాడుకొనవచ్చును. వంటపొయ్యి జోలికి ఈ నిబంధన పోదు.

సొంత యింటికి లేని కట్టడి అద్దె యింటికి ఏల? ఈ ప్రశ్నయందే విషయమంతయు ఇమిడియున్నది. దీనిని గ్రహించుటకు మనము ఆస్ట్రేలియా పోనక్కరలేదు, మన పొలము గట్టున నిలిచిన చాలును.

ఒక భూస్వామి తన మెట్టపొలమును కౌలుకిచ్చినాడనుకొందము. బావి త్రవ్వించినచో పంట రెట్టింపగును. కౌలుదారు త్రవ్వించునా? వచ్చే యేడు ఆ పొలము తనకుండునో, ఉండదో. పరుల భూమిలో తన సొమ్ము పూడ్చుటకు అతనికి మనసొప్పదు. భూస్వామి త్రవ్వించునా? కౌలు ఎట్లును వచ్చుచున్నది, పెరిగిన పంట కౌలుదారు గాదెకు పోవును గనుక అతనికిని తొందర లేదు. బావి వలన లాభమున్నదని ఇరువురికిని తెలియును. అయినను బావి పడదు. పొలము మెట్టగానే యుండిపోవును.

అద్దె యింటి నీళ్ల యంత్రము సరిగా అట్టి బావియే. యంత్రము కొనువాడు యజమాని. నెల నెల గ్యాసు బిల్లు చెల్లించువాడు అద్దెదారు. చౌకగా దొరకు పాత రకము యంత్రమును బిగించిన యజమానికి ఖర్చు తక్కువ. అది మ్రింగు గ్యాసు ఖర్చు అద్దెదారునిది. సొంత యింటివాడైనచో రెండు లెక్కలును తానే చూచుకొని తనకు తోచినది చేయును. అద్దె యింటిలో రెండు లెక్కలును ఇద్దరి చేతులలో నున్నవి గనుక, ఎవరును కదలరు. విక్టోరియాలో పది కుటుంబములలో సుమారు మూడు కుటుంబములు అద్దె యిండ్లలో నున్నవి. వారు ఎంత బుద్ధిమంతులైనను, ఎంత పొదుపరులైనను, గోడకు బిగించిన యంత్రమును మార్చు అధికారము వారికి లేదు. చట్టము కలుగజేసికొనుటకు ఇదియే న్యాయమైన కారణమని నా యభిప్రాయము.

దీనికి తోడు మరియొక చిక్కు గలదు. గ్యాసు వాడినను వాడకున్నను, గొట్టము ఉన్నందులకు దినమునకు ఇంతయని రుసుము కట్టవలెను. వేల మైళ్ల గొట్టములను కాపాడు ఖర్చు వాడుకదారులందరి మీదను పంచబడును. కలిగినవారు, సొంత యింటివారు ఒక్కొక్కరే గ్యాసు వదలి పోవుచున్న కొలదిని, మిగిలినవారి మీద భారము పెరుగును. నూరు కాపులు కలసి మరమ్మతు చేసికొను చెరువు ఏబది కాపుల పాలైనచో ఏమగునో మీకు తెలియనిది కాదు. గొట్టమును పూర్తిగా తీసివేయించుకొనుటకు సైతము రుసుము గలదు. 2023లో అచ్చటి నియంత్రణ సంస్థ వాడుకదారు చెల్లింపవలసిన యా రుసుమును 220 డాలర్లకు పరిమితము చేసి, తక్కిన ఖర్చును మిగిలిన వాడుకదారులందరి మీద వేసినది. కడపట గ్యాసు గొట్టమునంటి మిగులువారు ఎవరు? తమంత తాము వదలి పోలేనివారు, అనగా అద్దెదారులు.

ఇది డబ్బు మాట. ప్రాణము మాట వేరుగా చెప్పవలెను. పాతబడిన గ్యాసు యంత్రము సరిగా మండనిచో కార్బను మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించుచున్నవారిని నిద్రలోనే కబళించును. 2010లో విక్టోరియాలో ఒక అద్దె యింట ఇద్దరు బాలురు ఇల్లు కాచు గ్యాసు యంత్రమునుండి వచ్చిన ఈ విషవాయువుచే మరణించిరి. అట్టి దుర్ఘటనలవలన మేల్కొని, 2021 మార్చి 29 తరువాత కుదిరిన అద్దె ఒడంబడికలన్నింటిలోను, రెండేండ్లకొకమారు గ్యాసు యంత్రములను, విద్యుత్తు తీగెలను నిపుణునిచే పరీక్ష చేయించు బాధ్యతను యజమానిపై పెట్టిరి. ఇంకొక సూక్ష్మము గమనింపవలెను. చలిగాలి రాకుండుటకు తలుపుల సందులన్నియు మూసినచో, గాలి యాడని ఆ యింట పొగగొట్టపు యంత్రము మరింత ప్రమాదకరమగును. వంటయింటి పొగ లాగు ఫ్యాను తిప్పినప్పుడు పైకి పోవలసిన గాలి క్రిందికి లాగబడును. కావున సందులు మూయుటకు ముందు యంత్రమును పరీక్షింపజేయుట యావశ్యకము.

ఇచ్చటనే ఈ నిబంధనలోని లోపమొకటి నాకు కనబడుచున్నది. యంత్రము పూర్తిగా చెడువరకు యజమానికి మార్చవలసిన పని లేదు. కొందరు యజమానులు పాత యంత్రమును అతుకులు వేయించుచు, నేడు రేపని ఏండ్లు గడుపవచ్చును. ముసలి యెద్దును ముల్లుగర్రతో పొడిచి నడిపించునట్లుండును ఆ సంసారము. ఏ యంత్రము ముందుగా పోవలెనో అదియే కడవరకు నిలుచును. అట్టి యింటనున్న అద్దెదారుకు ఎక్కువ బిల్లు, ఎక్కువ ప్రమాదము, రెండును తప్పవు. చట్టము మంచిదే గాని దాని నడక నిదానము. ఆ నడుమ కాలమున అద్దెదారు తన హక్కు తానెరిగి మెలగవలెను.

యజమాని పక్షమున చెప్పవలసినదియు గలదు. అందరు యజమానులు కోటీశ్వరులు కారు. జీతము మిగిల్చి, బ్యాంకు ఋణముతో ఒక యిల్లు కొని అద్దెకిచ్చినవారు పెక్కండ్రు. అట్టివారిలో మన తెలుగువారును ఉన్నారు. హీటుపంపు ఖరీదు గ్యాసు యంత్రము కంటె హెచ్చు. పాత యింటిలో విద్యుత్తు బోర్డు చాలక దానిని మార్పింపవలసి రావచ్చును. అంతస్తుల మేడలలో యంత్రమునకు తావు దొరకదు. బయట గోడకు బిగించినచో ప్రక్కవారు చప్పుడని ఫిర్యాదు చేయుదురు. ఇట్టి యిబ్బందులకు నిబంధనలలో కొన్ని మినహాయింపులుంచిరి. ఖరీదులో కొంత తగ్గింపునిచ్చు ప్రభుత్వ పథకమును ఏర్పరచిరి. అది యజమానులకే గాక అద్దెదారులకును వర్తించును.

అయినను యజమానుల భయము తేలికగా తీసివేయదగినది కాదు. అమెరికాలోని లాస్ ఏంజెలీస్ ప్రాంతమున గాలి శుభ్రతను చూచు మండలి యొకటి గలదు. ఇండ్లలోని గ్యాసు యంత్రముల యమ్మకమును క్రమముగా తగ్గించు నియమములు 2025 జూనులో దాని ముందుకు వచ్చినవి. ఖర్చు పెరుగునని, ఆ ఖర్చు చివరకు అద్దెలలో కలియునని పలువురు వాదించిరి. మండలి 7 మంది వ్యతిరేకముగా, 5 మంది అనుకూలముగా ఓటు వేయగా ఆ నియమములు వీగిపోయినవి. అదే రాష్ట్రమున శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు మండలి అట్టి నియమములనే 2023 మార్చిలో ఆమోదించియుండెను. ఒకే రాష్ట్రమున రెండు తీర్పులు. ఖర్చు ఎవరిదో తేల్చనిదే ప్రజలు నమ్మరని దీనివలన తెలియుచున్నది.

ఖర్చును పంచుటకు ఒక మంచి మార్గమును జర్మనీ దేశము చూపినది. అచ్చట ఇల్లు కాచుకొను గ్యాసు, చమురు మీద బొగ్గుపులుసు గాలి సుంకము గలదు. మొదట ఆ సుంకమంతయు అద్దెదారులే మోసెడివారు. 2023 జనవరి 1 నుండి దానిని ఇరువురికిని పంచు చట్టము అమలులోనికి వచ్చినది. ఇల్లు ఎంత దుబారాగా నున్నదో కొలిచి, పది మెట్లు ఏర్పరచిరి. ఏడాదికి చదరపు మీటరుకు 12 కిలోగ్రాముల కంటె తక్కువ విడుచు మంచి యిల్లైనచో సుంకమంతయు అద్దెదారుదే, ఏలయన అచ్చట పొదుపు అతని చేతిలో నున్నది. 52 కిలోగ్రాములు మొదలు ఆపై విడుచు చెడ్డ యిల్లైనచో నూటికి 95 పాళ్లు యజమానిదే, ఏలయన ఇంటిని బాగుచేయుట అతని చేతిలో నున్నది. ఎవరి చేతిలో పగ్గమున్నదో వారే బండి బాధ్యత వహింపవలెను. మన పంచాయతీ పెద్దలు కౌలు తగవు తీర్చినను ఇట్లే తీర్చెదరు గదా!

ఇక వంటయింటి మాట. గ్యాసు పొయ్యి పోవునని మన తల్లులు దిగులుపడుదురు. పైన చెప్పినట్లు, 2027 నిబంధన వంటపొయ్యిని తాకదు. కాని 2024 తరువాత అనుమతి పొంది కట్టిన క్రొత్త యిండ్లలో గ్యాసే యుండదు గనుక, మన పిల్లలు అద్దెకు దిగు పేటలలో విద్యుత్తు పొయ్యిలు కనబడును. వానిలో ఇండక్షను పొయ్యి అను రకము అయస్కాంతపు శక్తితో పాత్రను మాత్రమే వేడిచేయును. దానిపై రాగి, ఇత్తడి, మామూలు అల్యూమినియము గిన్నెలు వేడెక్కవు. అడుగు చదునైన ఇనుప పాత్రలు, అయస్కాంతము అంటుకొను స్టీలు పాత్రలు పనికివచ్చును. పుల్కాలు మంటపై పొంగించుట కుదరదు గాని, ఇనుప పెనముపై దోసె చక్కగా కాలును. బిడ్డకు సారెగా ఇత్తడి గిన్నెలు కట్టి పంపదలచిన తల్లులు ఈ మాట ముందుగా విచారించుకొనుట మేలు. గ్యాసు మంట వలన మూసిన గదిలో చేరు చెడుగాలి బాధ ఈ పొయ్యితో నుండదు. ఉబ్బసమున్న పిల్లలకు అది మంచిదే.

పెద్దలారా, మీరు ఇచ్చటనుండి చేయగల సాయమేమి? ఫోనులో బిడ్డ "వేడినీళ్లు రావడము లేదు, ఇంటివాడు పలుకుట లేదు" అని చెప్పినప్పుడు, "సర్దుకొనుము, పరాయి దేశము, గొడవ వద్దు" అని చెప్పుట మన యలవాటు. ఆ సలహా అన్నివేళల మంచిది కాదు. అచ్చటి చట్టమున వేడినీళ్ల యంత్రము ఆగిపోవుట అత్యవసరపు మరమ్మతుగా ఎంచబడును. యజమాని వెంటనే బాగుచేయింపవలెను. అతడు చేయింపనిచో అద్దెదారే 2,500 డాలర్ల వరకు ఖర్చుచేసి బాగుచేయించుకొని, రసీదులు చూపి ఆ సొమ్ము రాబట్టుకొనవచ్చును. లేదా న్యాయమండలిని ఆశ్రయింపవచ్చును.

"ఫిర్యాదు చేసినచో ఇల్లు ఖాళీ చేయుమందురేమో" అను భయము సహజము. కారణము చూపకుండ ఖాళీ చేయుమను నోటీసులను 2025 నవంబరు 25 నుండి విక్టోరియాలో రద్దుచేసిరి. అద్దెను ఏడాదికొక్కమారు కంటె ఎక్కువ పెంచరాదు. పెంచుటకు 90 దినములు ముందుగా తెలుపవలెను. పెంపు మితిమీరినదని తోచినచో దానిని పరీక్షింపుమని కోరు హక్కును గలదు. క్రొత్త యంత్రము పెట్టితినను నెపముతో ఇష్టము వచ్చినట్లు అద్దె పెంచుటకు వీలులేదని బిడ్డలకు తెలియవలెను.

అద్దెకు దిగకముందే మూడు ప్రశ్నలు అడిగి వ్రాతమూలముగా సమాధానము తీసికొమ్మని వారికి చెప్పుడు. నీళ్లు కాచు యంత్రము, ఇల్లు కాచు యంత్రము గ్యాసువా, విద్యుత్తువా? వాని వయసెంత? గ్యాసు పరీక్ష కడపట ఎన్నడు జరిగినది? ఈ మూడు ప్రశ్నలు అడుగుటకు దమ్మిడీ ఖర్చు లేదు. అద్దె నూరు డాలర్లు తక్కువయని పాత గ్యాసు యంత్రమున్న యింట దిగి, చలికాలమున అంతకు మించిన బిల్లు కట్టుట లాభము గాదు. అద్దెను, బిల్లును కలిపి లెక్కవేసినవాడే నిజమైన లెక్క వేసినవాడు.

అట్లే మీ కుమారుడు అచ్చట ఇల్లు కొని అద్దెకిచ్చిన యజమానియైనచో, యంత్రము చచ్చువరకు ఆగవలదని చెప్పుడు. నడిచలికాలమున, పసిపిల్లలున్న యింట యంత్రము చెడినప్పుడు, దొరకినవాని కాళ్లు పట్టుకొని, అడిగినంత యిచ్చి బిగింపించుటకంటె, తీరుబడి వేళ విచారించి, ప్రభుత్వపు తగ్గింపు తీసికొని మార్పించుట చౌక. అద్దెదారు బిల్లు తగ్గును, అతడు స్థిరముగా నిలుచును. ఇల్లు ఖాళీగా పడియుండు నెలలు తగ్గుట యజమానికి లాభము కాదా?

చట్టము ఒక యంత్రమును తీసి మరియొక యంత్రమును పెట్టుమని శాసించుచున్నట్లు పైకి కనబడును. నిజమునకు అది యజమానికిని అద్దెదారుకును నడుమ చాలకాలముగా త్రవ్వబడక నిలిచిపోయిన బావిని త్రవ్వింపజూచుచున్నది. త్రవ్వు కూలి ఎవరిదో, నీరు ఎవరిదో న్యాయముగా తేల్చినచోట అది ఇరుపక్షములకును మేలు చేయును. తేల్చనిచోట కడపటి బరువు బలహీనుని మీదనే పడును. మన పిల్లలు అచ్చట కొందరు అద్దెదారులుగాను, కొందరు యజమానులుగాను ఉన్నారు గనుక, రెండు పక్షముల న్యాయమును వారికి తెలియజెప్పగల పెద్దరికము మీకే గలదు.